మేలుకోని కంప్యూటరు

పిల్లలూ! ఆ రోజు నేను కల్లంలో మిరపకాయలు తిరగేయిస్తున్నాను. మా మనవడు పరుగెత్తుకొచ్చి, "తాతయ్యా, కంప్యూటరు చచ్చిపోయింది! నా ప్రాజెక్టు దాంట్లోనే ఉంది. బజారులో అడిగితే అంతా చెరిపి మళ్ళీ ఎక్కించాలన్నారు!" అని ఏడుపుమొహం పెట్టాడు.

వెళ్ళి చూద్దును కదా, ఫాను తిరుగుతున్నది. నల్లటి తెరమీద, ఆపరేటింగ్ సిస్టం కనబడలేదని రాసి ఉన్నది.

"చచ్చినవాడు మాట్లాడతాడుట్రా?" అన్నాను.

మీట నొక్కగానే బోర్డుమీది చిప్పులో ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రాము ముందు లేస్తుంది. మెమరీ, కీబోర్డూ సరిగా ఉన్నవో లేవో చూస్తుంది. తరవాత తన జాబితా ప్రకారం ఒక్కొక్క డిస్కునూ, "ఆపరేటింగ్ సిస్టం నీ దగ్గరున్నదా?" అని అడుగుతుంది. దొరికితే పెత్తనం దానికి అప్పగిస్తుంది.

వెనకవైపు ఒక పెన్‌డ్రైవు గుచ్చి ఉన్నది. అందులో ఉన్నవన్నీ పాటలే!

"అది రోజూ ఉండేదేగా, తాతయ్యా?" అన్నాడు వాడు. మంచి ప్రశ్న. సెట్టింగులు తెరిచి చూస్తే తారీఖు 2009 అని ఉన్నది! బోర్డుమీద రూపాయి బిళ్ళంత 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయింది. రాత్రి కరెంటు పోయేసరికి కంప్యూటరు తారీఖునూ, మనం పెట్టిన జాబితానూ కూడా మరిచి, పెన్‌డ్రైవునే ముందు అడగసాగింది.

పెన్‌డ్రైవు పీకాము. కంప్యూటరు లేచింది!

2024 జూలై 19న ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఇలాగే మొరాయించాయి. వాటి జబ్బు వేరు: తప్పుగా వచ్చిన ఒక ఫైలు. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు!

మావాడి ప్రాజెక్టును ముందు ఆ పెన్‌డ్రైవులోకే కాపీ చేయించాను. తరవాత ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, కొత్త బ్యాటరీ వేశాము.