టీవీ మనం కొన్నాం, మరి హోమ్ స్క్రీన్ ఎవరిది?

స్మార్ట్ టీవీ ఆన్ చేయగానే సగం స్క్రీన్ నిండా ఏదో సినిమా పోస్టర్. ఆ ఓటీటీకి మనం సబ్‌స్క్రైబ్ కూడా అయ్యుండం. ఫోన్‌లో ఇలాంటి యాడ్ కనిపిస్తే ఆ రోజే సంగతి చూసే మనం, టీవీ దగ్గరికొచ్చేసరికి సర్దుకుపోతాం. ఆ అవసరం లేదు. మా ఇంట్లోని గూగుల్ టీవీలో యాడ్స్ ఎలా తగ్గించానో, ఏది ఎంతవరకు పనిచేస్తుందో చెబుతాను.

ముందు ట్రాకింగ్ ఆపండి

కనిపించే యాడ్ కంటే కనిపించని ఏసీఆర్‌తోనే అసలు సమస్య. ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ అన్నమాట. స్క్రీన్ మీద ఏం నడుస్తోందో టీవీ శాంపిల్స్ తీసి గుర్తుపడుతుంది. 1.1 కోట్ల టీవీల నుంచి అనుమతి లేకుండా ఇలా డేటా తీసుకుందన్న కేసులో విజియో 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది.

2024లో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరిశోధకులు బ్రిటన్, అమెరికాల్లో టెస్ట్ చేస్తే, హెచ్‌డీఎంఐకి వేరే డివైస్ కలిపినప్పుడు కూడా ఏసీఆర్ ట్రాఫిక్ కనిపించింది. అంటే టీవీకి స్టిక్ పెట్టినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేశాక మాత్రం ఆ ట్రాఫిక్ ఆగింది. కాబట్టి శాంసంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, ఎల్‌జీలో లైవ్ ప్లస్ వెతికి ఆఫ్ చేయండి. మోడల్‌ని బట్టి మెనూ మారుతుంది.

హోమ్ స్క్రీన్ మార్చండి

గూగుల్ టీవీలో అకౌంట్ సెట్టింగ్స్‌లో యాప్స్ ఓన్లీ మోడ్ ఉంటుంది. సిఫార్సులు చాలావరకు పోతాయి కానీ, పైన బ్యానర్ ఉండిపోవచ్చు. అది కూడా వద్దనుకుంటే ప్లే స్టోర్ నుంచి ప్రొజెక్టివీ లాంచర్ వేసుకోండి. హోమ్ బటన్ నొక్కినప్పుడు ఇదే తెరుచుకోవాలంటే యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వాలి. అది చాలా పవర్ ఉన్న పర్మిషన్, ఏ యాప్‌కి పడితే ఆ యాప్‌కి ఇవ్వకండి. ఇప్పుడు మా అమ్మ హోమ్ నొక్కితే కనిపించేవి తను చూసే ఐదు యాప్‌లే. "ఇదేంటి, ఎక్కడికో పోయింది" అన్న పిలుపులు ఆగిపోయాయి.

చివరగా డీఎన్ఎస్

వైఫై సెట్టింగ్స్‌లో ఐపీని స్టాటిక్ చేసి, డీఎన్ఎస్ దగ్గర యాడ్‌గార్డ్‌వి 94.140.14.14, 94.140.15.15 ఇవ్వండి. చాలా యాడ్, ట్రాకింగ్ సర్వర్లు అక్కడే ఆగుతాయి. రూటర్‌లో పెడితే ఇంట్లో అన్ని డివైస్‌లకూ వర్తిస్తుంది. ఏదైనా యాప్ మొరాయిస్తే మాత్రం పాత డీఎన్ఎస్‌కి మార్చి చూడండి. యూట్యూబ్ యాడ్స్ దీంతో పోవు. వీడియో, యాడ్ రెండూ గూగుల్ సర్వర్ల నుంచే వస్తాయి కాబట్టి విడదీయడం కుదరదు.

టైమ్ లేదంటే ఏసీఆర్ ఒక్కటైనా ఆఫ్ చేయండి. పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఒకసారి చెక్ చేసుకోండి. బ్యానర్ యాడ్ కంటికి చిరాకు, అంతే. ఇంట్లో ఎవరు ఏ రాత్రి ఏం చూశారన్నది మాత్రం మన ఇంటి విషయం, అది గడప దాటకూడదు.