విరిగిన ఎముక ఎలా అతుక్కుంటుంది?

ఎముక అంటే ఎండుకర్ర లాంటిదని చాలామంది అనుకుంటారు. కాని మన ఒంట్లోని ఎముకకు ప్రాణముంది. దానికి రక్తనాళాలు, నరాలు ఉన్నాయి. ప్రతిరోజూ కొంత పాత ఎముక కరుగుతుంది, కొంత కొత్తది తయారవుతుంది. పెద్దవారిలో ఎముకలు 206.

తొడ ఎముకను నిలువునా కోసి చూస్తే పైన గట్టి పెంకు, చివరల్లో తేనెపట్టు లాంటి గుల్ల భాగం, మధ్య గొట్టంలో మూలుగ కనబడతాయి. అందుకే అది తేలికగా ఉండి కూడా అంత బరువు మోస్తుంది. ఎర్ర మూలుగలోనే రక్తకణాలు పుడతాయి. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. పిల్లలకు ఒక పరీక్ష చూపించండి. కోడికాలి ఎముకను వారం రోజులు వెనిగర్‌లో నానబెడితే కాల్షియం కరిగిపోయి రబ్బరులా వంగుతుంది. మిగిలేది మాంసకృత్తుల పీచు. గట్టిదనం కాల్షియం ఇస్తే, పెళుసుగా విరిగిపోకుండా కాపాడేది ఆ పీచే.

ఎముక విరిగితే ముందు అక్కడ రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో మెత్తని అతుకు ఏర్పడి, తరువాత కాల్షియం చేరి గట్టిపడుతుంది. పెద్దవారిలో మణికట్టుకు సుమారు ఆరు వారాలు, తొడ ఎముకకు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అతికించే పని రక్తానిది. సిమెంటు కట్టు గాని, ఆకు పసరు గాని ఎముకను అతికించవు. ముక్కలను సరైన వరుసలో కదలకుండా ఉంచడమే కట్టు పని.

రామతీర్థం కొండ మెట్ల మీద జారినా, తాటిచెట్టు మీంచి పడినా మనవాళ్లు ముందు నాటుకట్టు కోసమే వెతుకుతారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. బద్దలు కట్టి కదలనీయకపోవడం మంచి ఆలోచనే. కాని ఎక్స్‌రే తీయకపోతే ముక్కలు ఎటు జరిగాయో తెలియదు. పైగా దెబ్బ తగిలిన చోట వాపు పెరుగుతుంది, బిగించిన కట్టు సాగదు, లోపల రక్తం ఆగిపోతుంది. కొద్ది గంటల్లోనే కండ చచ్చిపోవచ్చు. చేయి తీసేయవలసి రావచ్చు. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టయినా ఇంతే. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి కట్టు సడలింపించుకోండి. ఎముక చర్మం చీల్చుకుని వస్తే పసరు పోయకండి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

అతుకు పడే రోజుల్లో గుడ్డు, పప్పు, పాలు, చోడి అంబలి ఇవ్వండి. 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప.

మన వైపు అడ్డపొగ తాగే అమ్మలకు ఇంకొక మాట. నికోటిన్ సన్న రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, అతుకు ఆలస్యమవుతుంది. కట్టు విప్పేవరకైనా చుట్ట ముట్టకండి.