కత్తి బలం ఎవరి చేతికి?

డయాబ్లో 2లో నెక్రోమాన్సర్ అనే మాంత్రికుడికి పదునైన కత్తి దొరికిందనుకోండి. దాని మీద ఎంత అదనపు డ్యామేజ్ ఉన్నా, అతను లేపిన అస్థిపంజరాల దెబ్బ వీసమెత్తు పెరగదు. 2000లో వచ్చిన ఈ ఆటలో కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఇదే.

కత్తి మీది డ్యామేజ్ దాన్ని పట్టుకున్న చేతికే చెందుతుంది. చూడ్డానికి పుల్లలా ఉండే మంత్రదండం మీద అస్థిపంజరాలను లేపే విద్యకు +3 అని ఉంటే మాత్రం, ఆ విద్య మూడు మెట్లు ఎక్కుతుంది. అప్పుడు లేపిన సైన్యం గట్టిగా నిలబడుతుంది. కాబట్టి దండాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఐరన్ గోలెం సంగతి వేరు. 24వ లెవెల్‌లో దక్కే ఈ విద్య, నేల మీద పడేసిన లోహపు వస్తువునే ఇనుప బంటుగా లేపుతుంది. ఆ వస్తువు గుణాలు బంటుకి సంక్రమిస్తాయి. రూన్‌లు పొదిగి ‘ఇన్‌సైట్’ రూన్‌వర్డ్‌గా మార్చిన పోల్‌ఆర్మ్‌తో, అంటే పొడవాటి పిడి ఉన్న ఆయుధంతో, లేపితే, అందులోని మెడిటేషన్ ఆరా గోలెం కాళ్ల కింద వెలుగుతుంది, పక్కనున్న యజమాని మానా, అంటే మంత్రశక్తి, చకచకా నిండుతుంది. ఆట మొత్తంలో ఇంత అందమైన ఏర్పాటు అరుదు.

అయితే గోలెం కూలిందా, ఆ ఆయుధమూ దానితోనే పోతుంది.