ఓటమి నెఱిఁగిన వ్యాపారము

మన మట్టెవాడలో ఏ యింటఁ జూచినను ఆండ్రాయిడ్ ఫోనో, ఐఫోనో కనఁబడును. విండోస్ ఫోను మాత్రము కానరాదు. ఇందొక పాఠము గలదు.

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతి యయ్యెను. అప్పటికే ఫోనుల విపణి గూగుల్, ఆపిల్ సంస్థల వశమై యుండెను. పోటీకై ఆ సంస్థ నోకియావారి ఫోనుల శాఖను కొనెను, ఫలము దక్కలేదు. 2015లో 760 కోట్ల డాలర్లను నష్టముగా వ్రాసికొని, 7,800 ఉద్యోగములను తీసివేయఁ దలపెట్టెను. యజమానుల పొరపాటునకు మూల్యము పనివారు చెల్లించిరి.

అయినను సంస్థ నిలిచెను. 2014 మార్చిలోనే తన ఆఫీసు సాఫ్టువేరును ఆపిల్‌వారి ఐప్యాడునకు నిచ్చి, ప్రత్యర్థి ముంగిటనే సరకు నమ్ముకొనెను. మనము మీటరు చూచి కరెంటునకుఁ జెల్లించునట్లు, వాడినంతకే వెల గట్టి కంప్యూటర్ల శక్తిని కార్యాలయములకు అద్దెకిచ్చు అజూర్‌ను పెంపొందించెను. అచ్చటను అమెజాన్‌తోఁ బోటీ తప్పలేదు.

2020 జనవరిలో మన మడికొండలోను టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయములు తెఱవఁబడినవి. ఇట్టి కొలువులకుఁ బోవు మన బిడ్డలకు ఒక్కమాట చెప్పుదము: సంస్థల దశ మాఱుచుండును, నేర్చిన విద్య చేజాఱదు. పేరును గాక, విద్యనే నమ్ముకొనుట మేలని మా తలంపు.