నల్లనివన్నీ గ్రానైట్ కాదు

కొత్తిల్లు కట్టిన ఏడాదే, వంటగది గట్టు మీద నిమ్మచెక్క పెట్టిన చోట తెల్లగా గుండ్రంగా ఒక మచ్చ పడింది. ఎంత తోమినా పోలేదు. "గ్రానైట్ అని చెప్పి నాసిరకం రాయి అంటగట్టారు" అని అమ్మ చాలా రోజులు బాధపడింది. ఆ రాయి నాసిరకం కాదు. అసలది గ్రానైటే కాదు, కడప బండ.

అపోహ: గట్టిగా, నల్లగా, నున్నగా ఉంటే గ్రానైటే

కడప బండ సున్నపురాయి. ఒకప్పటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది కాబట్టే పలకలుగా చీలుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం అందులోని కాల్సైట్‌ను కరిగిస్తుంది. అమ్మ చూసిన మచ్చ అదే. గ్రానైట్ పుట్టుక వేరు. భూమి లోతుల్లో శిలాద్రవం బహు నెమ్మదిగా చల్లారి గడ్డకడితే వచ్చేది గ్రానైట్. అందులో ముఖ్యంగా ఉండే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ నిమ్మరసానికి లొంగవు.

రాళ్లకు తేలిగ్గా రంగును బట్టి పేర్లు పెట్టేస్తాం గానీ, శాస్త్రం చూసేది పుట్టుకను, లోపలి ఖనిజాలను. కరిగింది చల్లారితే అగ్నిశిల, పేరుకున్నది గట్టిపడితే అవక్షేప శిల, ఉన్న రాయే వేడికీ ఒత్తిడికీ మారితే రూపాంతర శిల. రాయి, ఖనిజం ఒకటి కావు. పొట్లంలోని మిక్చర్ రాయి అనుకుంటే, అందులో పల్లీలు, కారప్పూస, పుట్నాలపప్పు ఖనిజాలు.

అపోహ: గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసేది బంగారం

ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా తిరిగే ఈ నల్లరాయిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. రవ్వంత బంగారం కూడా లేదు. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి శిల. గ్రానైట్ అనిపించుకోవాలంటే పలుగురాయి పాలు కనీసం ఐదో వంతు ఉండాలి.

అపోహ: బొగ్గు భూమిలో నలిగి నలిగి వజ్రమవుతుంది

ఇది పాఠాలు చెప్పేవాళ్ల నోట కూడా విన్నాను. వయసులు పక్కపక్కన పెట్టి చూడండి. వజ్రకరూరు దగ్గర వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ శిల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. సింగరేణి బొగ్గుగా మారిన అడవులు పెరిగింది సుమారు 25–30 కోట్ల ఏళ్ల కిందట. ఆ వజ్రాలు పైకి వచ్చేనాటికి నేల మీద చెట్టన్నదే లేదు, ఇక బొగ్గెక్కడిది? రెండింటిలోనూ ఉన్నది కార్బనే, చుట్టరికం అంతవరకే. వజ్రాలు దాదాపుగా అన్నీ 150 కిలోమీటర్లకు మించిన లోతులో తయారైనవే.

అపోహ: అసలు వజ్రం సుత్తి దెబ్బకు పగలదు

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం నడుం వంచి మట్టిలో వజ్రాలు వెతుకుతుంటారు. మెరిసే రాయి దొరికితే ఎవరో ఒకరు సుత్తితో కొట్టి చూడమంటారు. దయచేసి కొట్టకండి. వజ్రం గట్టిది అంటే మరో ఖనిజం దాన్ని గీయలేదని అర్థం, దెబ్బకు తట్టుకుంటుందని కాదు. దానిలో కొన్ని దిశల్లో సులువుగా చీలే గుణం ఉంది. సరైన చోట దెబ్బ పడితే అసలైన వజ్రమే ముక్కలవుతుంది. గాజును గీసి చూడటమూ పనికిరాదు. మోస్ కొలబద్ద మీద గాజు కాఠిన్యం సుమారు 5.5, పలుగురాయిది 7. చేలో దొరికే మామూలు పలుగురాయి కూడా గాజును గీసేస్తుంది.

అపోహ: హైదరాబాద్ గుండ్లను ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చారు

పేర్చలేదు, ఒకే బండ విడిపోయింది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌లో అడ్డంగా, నిలువుగా పడ్డ పగుళ్లలోకి నీరు దిగి అంచులను తినేసింది. అలా ఏర్పడిన మట్టి కొట్టుకుపోయాక గుండ్లు మిగిలాయి. వాటిని పేల్చి పునాదులు తీస్తుంటే నాకు మనసొప్పదు.

అపోహ: రాయి ఎప్పటికీ రాయే

విశాఖ కొండల్లోని ఖొండలైట్ అనే రాయి ఒకనాడు నీటి అడుగున చేరిన బంకమట్టి. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి అది మారిపోతుంటే అందులో ఎర్రటి గార్నెట్ గింజలు పుట్టాయి. ఇప్పుడా కొండలు వానకు, ఎండకు చితికి, ఇసుకగా తీరానికి చేరుతున్నాయి. అల వెనక్కి వెళ్లాక తీరం ఇసుక మీద సన్నని చారలు కనిపిస్తాయి. నల్లనివి ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రనివి గార్నెట్. గుప్పెడు తీసుకుని ఎండకు పట్టి చూస్తే, దానిమ్మ గింజల రంగులో మెరిసి మళ్లీ వేళ్ల సందుల్లోంచి నీళ్లలోకి జారిపోతాయి.