వేసవిలో పులికాట్ అంచున గుడ్లు ఉంటాయి, చూసి నడవండి

పులికాట్ అనగానే చలికాలం, రాజహంసలు, సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగ గుర్తుకొస్తాయి. మార్చి దాటితే వలస వచ్చిన ఉల్లంకులు చాలావరకు ఉత్తర దేశాలకు తిరిగి వెళ్లిపోతాయి. తొలి ఏడాది పిల్లలు కొన్ని మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. పిట్టల్ని చూడ్డానికి వచ్చే జనమూ ఉండరు. ఇక సరస్సులో ఏమీ లేదనుకుని మనం గొర్రెల్ని, బర్రెల్ని తోలతాం. ట్రాక్టరు అడ్డంగా పోనిస్తాం. కానీ ఏడాది పొడుగునా మన దగ్గరే ఉండే పిట్టలు కొన్ని గుడ్లు పెట్టేది ఈ ఎండల్లోనే. అదీ చెట్టు మీద కాదు, నేల మీదే.

ఏ పిట్టలు?

ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిన నీరు ఏప్రిల్, మే నాటికి బాగా వెనక్కిపోతుంది. ఉప్పు తేలిన నేల, అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఇలాంటి చోట్లు, ఉప్పు మడులు, పక్కనున్న బీళ్లు నేలమీద గూడు పెట్టే పిట్టలకు అనుకూలం.

* తీతువు: నల్ల తల, కంటి ముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్లు. దుక్కి దున్నని చేలల్లోనూ గుడ్లు పెడుతుంది.
* పొడుగు కాళ్ల ఉల్లంకి: తెల్లటి ఒళ్లు, నల్ల రెక్కలు, పుల్లల్లాంటి గులాబీ రంగు కాళ్లు.
* చిన్న ఉల్లంకి: గుప్పెడంత పిట్ట. మెడకు నల్ల పట్టీ, కంటి చుట్టూ పసుపు ఉంగరం.
* నల్ల టోపీ పెట్టినట్టుండే చిన్న తెల్ల పిట్ట: ముక్కు పసుపు, కొన మాత్రం నలుపు. గాలిలో నిలబడి ఒక్కసారిగా నీళ్లలోకి దూకి చేపను పడుతుంది.

గూడంటే చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్లు, కొన్ని మేకపెంటికలు, అంతే. రెండు నుంచి నాలుగు గుడ్లు ఉంటాయి. మట్టి రంగులో మచ్చలతో ఉండటం వల్ల పక్కనే నిలబడినా కనపడవు. పొదగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఎండకు గొడుగు తల్లే

చలికాలంలో గుడ్డుకు వెచ్చదనం కావాలి. మే ఎండలో నీడ కావాలి. తల్లి గుడ్ల మీద నిలబడి నీడ పడుతుంది. తీతువు, ఉల్లంకులు మడుగుకు వెళ్లి రొమ్ము ఈకలు తడుపుకొచ్చి ఆ తడితో గుడ్లను చల్లబరుస్తాయి. మనిషో, కుక్కో గూటి దగ్గరే తచ్చాడితే తల్లి తిరిగి రాలేదు. నడి ఎండలో అలా ఆలస్యమైతే గుడ్డు లోపలి పిల్ల చచ్చిపోతుంది.

తీతువు నెత్తి మీద తిరుగుతూ అరిస్తే కీడు అంటారు పెద్దలు. అది శకునం కాదు. ‘నా గుడ్లు ఇక్కడున్నాయి, అవతలికి పో’ అని దాని గోల. చిన్న ఉల్లంకి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతే మోసపోకండి. గూటి నుంచి మిమ్మల్ని దూరంగా తీసుకుపోవడానికే ఆ నటన.

రైతుకేం లాభం?

తీతువు, చిన్న ఉల్లంకి పేడపురుగులు, చెదలు, చీమలు, గొంగళి పురుగులు ఏరుకుని తింటాయి. మందు ఖర్చు లేకుండా చేలో తిరిగే కూలీలు ఇవి.

మనం చేయాల్సినవి

* పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు చూడండి. సూర్యుడు మీ వీపు వైపు ఉంటే రంగులు బాగా తెలుస్తాయి.
* పిట్ట మీ మీద అరుస్తుంటే ఆగండి. కాళ్ల ముందు నేల చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి.
* వేసవి దుక్కిలో గూడు కనపడితే పది అడుగుల దూరంలో పుల్ల గుచ్చి ఆ ముక్క వదిలి దున్నండి. పిల్లలు పుట్టిన రోజో, మర్నాడో పరుగెత్తి గూడు వదిలిపోతాయి. తర్వాత మిగిలిన ముక్క దున్నుకోవచ్చు.
* మందను రోజూ ఒకే దారిన తోలండి. కుక్కను మీ దగ్గరే ఉంచుకోండి.
* పురుగుమందు డబ్బాలు, పంపులు మడుగుల్లో కడగొద్దు. కార్బోఫ్యూరాన్ గుళికలు, మోనోక్రోటోఫాస్ లాంటివి పిట్టలకు కొద్దిగా తగిలినా ప్రాణం తీస్తాయి. వేసవిలో మీ బర్రెలు తాగేదీ ఆ మడుగు నీళ్లే.
* గుడ్లు ఏరడం, పిట్టల్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలకు ఈ సంగతి చెప్పండి. దెబ్బతిన్న పిట్ట దొరికితే అటవీ శాఖ వారికి కబురు చేయండి.

గూటికి మనం వదలాల్సింది నాలుగు గజాల నేల, నాలుగు వారాల గడువు. ఆ పిల్లలే తొలకరి నాటికి మీ చేలో పురుగులు ఏరుతుంటాయి.