పగలు తెల్లగా ఉన్న గీత రాత్రి ఎందుకు కనపడదు?

ఎపిసోడ్‌లో టైం చాలక సగంలో ఆపిన రోడ్డు గీతల సంగతి ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. గీతలు వేసే పనిలో ఉన్నవాళ్లకీ, రాత్రిపూట క్యాంప్ బస్సు, పికప్ నడిపేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

కొన్నేళ్ల కింద ఒమాన్‌లో మా సైట్‌లో జరిగింది ఇది. ఎడారి రోడ్డుకి రెండు కిలోమీటర్లు అంచు గీత వేశాం. పగలు చూస్తే పాలలా తెల్లగా ఉంది. ఇన్‌స్పెక్షన్ కూడా అయిపోయింది. ఆ రాత్రి క్యాంప్ బస్సు డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, మీరేసిన గీత ఎక్కడుంది? నాకేం కనపడట్లేదు." బస్సులో మనవాళ్లే నలభై మంది. వెళ్లి చూస్తే నిజమే. మెషిన్ మీద డబ్బాలో గాజు పూసలు తేమకి గడ్డకట్టి, గీత మీద పడనే లేదు. నేను చూసుకోలేదు. తప్పు నాదే.

రాత్రి గీతను మెరిపించేది పెయింట్ కాదు, దాని మీద చల్లే గాజు పూసలు. హెడ్‌లైట్ వెలుగు పూసలోకి దూరి, కింద పెయింట్‌కి తగిలి, వచ్చిన దారినే డ్రైవర్ కళ్ల వైపు తిరిగొస్తుంది. పూస లేకపోతే ఆ వెలుగులో ఎక్కువ భాగం ముందుకే పోతుంది.

పూస 50 నుంచి 60 శాతం పెయింట్‌లోకి దిగాలి. థర్మోప్లాస్టిక్‌ని మామూలుగా 180 నుంచి 200 డిగ్రీల వేడిలో వేస్తాం. మరీ వేడైతే పూసలు మునిగిపోతాయి. చల్లారాక చల్లితే పైపైనే ఉండి టైర్లకి ఊడిపోతాయి. కింద ఇసుక ఉంటే గీతే లేచిపోతుంది. అందుకే ముందు ఊడవాలి, రోడ్డు పొడిగా ఉండాలి.

థర్మోప్లాస్టిక్ మిక్స్ లోపల కూడా పూసలుంటాయి. పైవి అరిగేకొద్దీ లోపలివి బయటపడతాయి. అయినా దుమ్ము, టైరు రబ్బరు పేరుకుంటే మసకబారుతుంది. అలాంటప్పుడు ముందు కడిగి చూడండి, అప్పటికీ మెరవకపోతేనే మళ్లీ వేయాలి.

కొలవడానికి మీటర్ ఉంది. 30 మీటర్ల ముందున్న గీత డ్రైవర్‌కి ఎంత మెరుస్తుందో ఆ లెక్కన చూపిస్తుంది. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 1436 ప్రకారం పొడి రోడ్డు మీద ఆర్2 క్లాస్‌కి కనీసం 100, ఆర్3కి 150 రావాలి. మీటర్ లేకపోతే, ట్రాఫిక్ ఆపిన చోట, చీకటి పడ్డాక, పది పదిహేను మీటర్లు వెనక్కి నిలబడి ఫోన్ టార్చ్‌ని కంటి పక్కనే పట్టుకుని గీత వైపు చూడండి. నడుము దగ్గర పట్టుకుంటే సరిగ్గా తెలియదు. వెలుగు వచ్చిన వైపుకే తిరిగెళ్తుంది కదా.

డ్రైవర్ తమ్ముళ్లకి ఒక మాట. వాన పడ్డా, రోడ్డు తడిసినా నీటి పొర పూసల్ని కప్పేస్తుంది. అప్పుడు మంచి గీత కూడా కనపడదు. రోడ్డు స్టడ్స్ ఉంటే వాటిని చూసుకోండి, స్పీడ్ తగ్గించండి. బయల్దేరే ముందు అద్దం, హెడ్‌లైట్లు తుడవండి.

ఆ రెండు కిలోమీటర్లూ మళ్లీ వేశాం. అప్పట్నుంచి రాత్రి ఒకసారి బండిలో వెళ్లి చూశాకే నేను సంతకం పెడుతున్నా. మీరూ అలాగే చేయండి.